కొట్టివేత

ముద్దనూరు దగ్గర పాడుబడ్డ మిద్దె కూలదోస్తుంటే
అటక మీద దొరికింది ఈ కవిలె కట్ట.
గోనెసంచిలో, మినప్పొట్టు మధ్య,
ఎవరిదో మోటారుసైకిల్ వెనక కూచుని కడపకు వచ్చింది.
అల్మాస్‌పేటలో మా గదికి బోర్డు మీద పేరు సంరక్షణ కేంద్రం.
ఉండేది రెండు బల్లలు, ఒక ఫ్యాను,
నిమ్మగడ్డి నూనె వాసన, హుసేన్‌బీ.

తాటాకు మీద అక్షరం రాయరు, కోస్తారు.
కోసిన అక్షరం గుడ్డిది,
మసి పూసి తుడిస్తే గాని కళ్లు తెరవదు.
హుసేన్‌బీ ఆముదం దీపపు మసిని వేలితో రుద్ది
దూదితో వెనక్కి లాగింది.
ముందు ఒక ఊరి పేరు లేచింది, సగం.
మిగతా సగం ఎలుక కొరికింది.
తర్వాత జొన్న చేను, కొర్ర చేను,
చెరువు కింద రెండు తూముల మడి,
బోయ కదిరప్ప, బాకీ మూడు మాడలు.
ఆ మూడు మాడల మీద
ఏటవాలుగా నాలుగు గీతలు.

"పురుగు గాదు మేడమ్," అంది,
"పురుగు తింటాది, గీరదు."

అంచున చీమ తలంత అక్షరాల్లో ఉంది జవాబు:
ఆంగీరస సంవత్సరం. వానలు లేవు.
ఎలుకల కోసం పెట్టుకున్న పిల్లి
రాత్రి కట్ట మీద దూకినది.
గీత దానిది. చేయి నాది కాదు.
కరణం అవుబళయ్య వ్రాలు.

నాకు నవ్వొచ్చింది.
ఆ కరువులో పాలు యాడివి దానికి?
గంజి తాగుంటుంది. తొండల్ని తినుంటుంది.
నాపరాళ్ల అరుగు వేడి దిగని రాత్రి
ఎలుక వెనకాల అడ్డంగా పరుగెత్తి
దివాణం లెక్కలో కాలు పెట్టింది.

తర్వాతి ఆకు తిప్పాను. శ్రీముఖ.
కదిరప్ప ఉన్నాడు. అదే మడి, అదే జొన్న.
బాకీ దగ్గర ఖాళీ.
పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు గాని
పిల్లి గోటికి బాకీ తెగింది.

మొత్తం కూడి చూశాను, రెండుసార్లు.
మూడు మాడలు తక్కువ.
ఆ తక్కువను దివాణం ఎవరి వీపు మీద వసూలు చేసిందో
ఏ ఆకులోనూ లేదు.

భూతద్దం హుసేన్‌బీ చేతిలో ఉంది.
చాలాసేపు మాట్లాడలేదు.
"ఇట్ల సూడు. మూడు గీతలు జారినాయి.
మొదట్లో లోతు, పోను పోను ఈక మాదిరి.
నాలుగోది జారలా.
యాడ మొదలు పెట్టాల్నో యాడ ఆపాల్నో
దానికి తెలుసు."

నాలుగో గీత లోతు,
పక్కనున్న కదిరప్ప పేరులో 'క' లోతు
ఒకటే.

అంటే పిల్లి దూకిన మాట నిజమే.
తెల్లారి ఆయన ఆకు చేతికి తీసుకున్న మాట,
మూడు గీతల పక్కన ఇంకొకటి పట్టే చోటు
చూసుకున్న మాట కూడా.
ఘంటం మొన ఎంతసేపు గాలిలో ఆగిందో,
పిల్లి అప్పుడు ఏ మూల కాళ్లు నాక్కుంటూ కూచుందో.

మేం ఆకును మెల్లగా కింద పెట్టాం,
పక్క గదిలో ఎవరో వింటున్నట్టు.
ఈ సంగతి చెబితే ఇప్పుడు ఆయన్ని
ఉద్యోగంలోంచి తీసేసేవాళ్లెవరూ లేరు.
అయినా గొంతు తగ్గించే మాట్లాడుకున్నాం.

ఫారంలో నష్టం అనే గడి ఉంది:
పురుగు, తేమ, చిరుగు, నిప్పు, ఇతరములు.
ఇతరములు దగ్గర నా పెన్ను ఆగింది.
ఎవరికి నష్టం?

హుసేన్‌బీ చేతులు కడుక్కుని వచ్చింది.
మసి గోళ్ల సందుల్లోంచి అంత తేలిగ్గా పోదు.
బుధవారం. ఫైనాన్స్ వాడు వచ్చే రోజు.
పసుపు అట్ట పుస్తకం సంచిలోంచి తీసి,
కట్టిన వారాలు, కట్టని వారాలు
వేలు పెట్టి లెక్కపెట్టుకుంది.
వేలు ఆగినచోటల్లా కొంచెం నలుపు.

"మా వాని ఆఫీసులో కుక్క ఉండాది మేడమ్," అంది
పుస్తకం మూస్తూ,
"పిల్లి ల్యా."